గురువారం పదీ ఇరవై

శుక్రవారం సాయంత్రం తార్వో
హెల్మెట్ తిరిగి ఇచ్చేశాడు.
నల్ల రొట్టె మీద ఉప్పు చేప, ఒక కేకు,
ముప్పై నాలుగేళ్ళ కొలువుకి ఒక గొడుగు.
తాలిన్‌లో, మా రేవు గాలికి
గొడుగు నిలబెట్టిన మొనగాడెవడు!
నవ్వుకున్నాం. వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్నే తెర మీద ప్రశ్న:
"తార్వో పేరున నలభై ఒక్క పనులున్నాయి. పంచనా?"
కాఫీ కప్పు కింద పెట్టేలోపే
వంతులు వేసి చూపించింది.
పంపు గది మారికాకి,
చుక్కాని బేరింగు యోహాన్‌కి,
అడుగు పలకల తనిఖీ పగటి షిఫ్టుకి.
ఎవరికెంత తీరికో, ఎవరి వేళ్ళకి ఏ పని అలవాటో
నాకంటే దానికే బాగా తెలుసు.

అబద్ధం చెప్పను, దాన్ని తిట్టుకోను.
అది రాకముందు ఇక్కడొక తెల్లబోర్డు ఉండేది,
బోర్డు ముందు కేకలుండేవి.
పెయింటు ఆరాక వెల్డింగు గుర్తొచ్చేది.
ఫెర్రీ నలభై రోజులు ఒడ్డున పడి ఉంటే
యజమాని ఫోన్లో మా ఏడు తరాలనీ పలకరించేవాడు.
ఇప్పుడు ముప్పై ఒక్క రోజులు.
రాత్రిళ్ళు నిద్రపోతున్నాను.

నలభై పనులకి సరే అన్నాను.
నలభై ఒకటోది:
"ప్రతి గురువారం, పదీ ఇరవై.
హెల్విని వాళ్ళ అన్న సంగతి అడగాలి."

హెల్విని నేనే.

మూడేళ్ళుగా ప్రతి గురువారం
అంచు విరిగిన కప్పుతో వచ్చి
తలుపుకి భుజం ఆనించి
"అన్న ఎలా ఉన్నాడు?" అనేవాడు.
తాగుడు మానాడా, మళ్ళీ మొదలెట్టాడా అని కాదు.
ఎలా ఉన్నాడు, అంతే.
రేవు మొత్తంలో గుర్తుపెట్టుకున్నది
వాడొక్కడే అనుకున్నాను.
గుర్తుపెట్టుకున్నది ఇదన్నమాట,
బోల్టులకి గ్రీజు పెట్టమని గుర్తుచేసే ఇదే!

చెంపలు వేడెక్కాయి.
తుడిచేద్దామని తెరిచాను.
లోపల వాడి రాతలు:
"యాభై రోజులైందట. కళ్ళు మెరిశాయి."
"పేరు ఐనార్. మర్చిపోకు, ముసలోడా."
"ఈ వారం అన్న మాట ఎత్తకు. రొట్టె పొంగిందా అని అడుగు."
"మళ్ళీ తాగాడు. ఏమీ అనలేదు నేను. కాసేపు నిలబడ్డాను."
అలా నూట నలభై గురువారాలు.
చేతిరుమాలు కొసన ముడి వేసుకునే మనిషి
రుమాలు చాలక
యంత్రానికి వేశాడు ముడి.

అడుగున బూడిదరంగు అక్షరాల్లో:
"ఈ పనికి ఫలితమేదీ నమోదు కాలేదు.
తీసేయనా? ఇంకెవరికైనా ఇవ్వనా?"
డాక్ గేటు దగ్గర ఎవరో పిలిచారు.
జవాబివ్వకుండానే లేచిపోయాను.

గురువారం. పదీ ఇరవై.
తలుపు దగ్గర రోడియన్,
ఆర్నెల్ల కిందట చేరిన వెల్డింగ్ కుర్రాడు.
మా భాష వాడి నోట్లో ఇంకా తడబడుతూనే ఉంది.
ఫోన్ చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోన్ చూసి
"నాకో పని వచ్చింది" అన్నాడు.
"మీ అన్న సంగతి అడగాలట.
ఏ అన్న? ఏం అడగాలి?
పదిహేను నిమిషాలు రాసి ఉంది."

వాడి భుజాల మీద మంచు ఇంకా కరగలేదు.
చేతి తొడుగులు తీసెయ్, అన్నాను.
కుర్చీ మీది ఫైళ్ళు నేల మీదికి దించాను.
"పదిహేను చాలదు."