కాటా

ముప్పై రెండేళ్లు
చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడ కాటా రాసినాను.
చెరుకు లారీ ఎక్కేది, ముల్లు వణికేది,
అది నిలబడేదాకా నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి.
నిండు పన్నెండు టన్నులు, ఖాళీ నాలుగు. చీటీ.
తరువాతి లారీ.

ఫ్యాక్టరీ మూసేసినాక
పలమనేరు దాటి అడవి వారన
ఎవరిదో మామిడి తోపుకు కాపలా వచ్చినాను.
రేకుల గది. ఒక కుండ. రెండు దుప్పట్లు,
ఒకటి నాకు, ఒకటి ఎవరైనా వస్తే.
ఎవరూ రాలేదు.
చలికాలం రెండూ నేనే కప్పుకున్నాను.

మొదట్లో చీకటి కన్నా
ఖాళీ చేతులకే ఎక్కువ భయపడినాను.
రాలిన ప్రతి కాయనూ అరచేతిలో ఎగరేసి
మూడు వందల గ్రాములు అనుకునేవాణ్ణి.
రాగిపిండిని, వంక నీళ్ల బిందెను,
ఆఖరికి నిద్రను కూడా:
నాలుగు గంటలు, తరుగు పోను.

మేకలు తోలుకొచ్చే చెంగమ్మ ఒకనాడు నవ్వింది.
"ఏం సామీ, బరువెంతని చెట్టునే అడగతా ఉండావా?
కాయ రాలేదాకా దానికే తెలీదు."
మోదుగాకులో ఇంత ఊరిబిండి పెట్టిపోయింది.
సంగటి ముద్ద నడుమ గుంట చేసుకొని
కళ్లలో నీళ్లు తిరిగేదాకా తిన్నాను.
కారానికే.

మాఘమాసం, అమావాస్య ముందర,
తెల్లారుజామున వెదుర్లు విరిగిన చప్పుడు.
తలుపు సందులోంచి చూస్తే
చీకటికే నడక వచ్చినట్టు ఏనుగులు.
డప్పు ఉంది, టపాకాయలు ఉన్నాయి,
చెయ్యి లేవలేదు.
మూడున్నర టన్నులు, అన్నాడు నా లోపలి గుమాస్తా.
వెనకాల పిల్లది, ఆరు వందల కిలోలు...
అంత బరువూ ఎండుటాకుల మీద
నిద్రపోయే బిడ్డను దాటే తల్లి లాగా దాటిపోయింది.
ముల్లు ఎక్కడ నిలిచిందో నేను చూడలేదు.

పొద్దున తోపంతా తిరిగినాను.
రెండు కొమ్మలు విరిగినాయి, ఆసామికి చెప్పాల.
వంక గట్టున తడిమట్టిలో జల్లెడంత అడుగు,
అందులో ఊరిన నీళ్లు,
నీళ్ల మీద రాలిన మామిడి పూత.
దాన్నే చూస్తా కూర్చున్నాను.
పొయ్యి మీద సంగటి మాడిపోయింది.

కాటా చీటీల పుస్తకం ఒకటి నాతోనే వచ్చేసింది.
రోజుకొక కాగితం చించి పొయ్యి రాజేస్తాను.
నిన్న మాత్రం ఒకదాని వెనక
ఆ అడుగు బొమ్మ గీయబోయినాను.
సరిగ్గా రాలేదు.
జల్లెడ లాగానే ఉంది.
అదీ పొయ్యిలోకే పోయింది,
కాఫీ కాగింది.