నాలుగో జ్వరం

సంచి మీద పేరుండదు.
పదకొండు అంకెలు, ఒక గీతల చీటీ,
"మగ, 19" అని చిన్న అక్షరాలు.
అంతకు మించి నాకు తెలియకూడదు.

బొమ్మసంద్రలో పన్నెండు రాత్రులు,
హోసూరు రోడ్డు మీద లారీలు గేర్లు మార్చే వేళ,
నా ఊపిరి నాకే వినిపించే ముసుగులో
మూడు గదులు దాటి, మూడుసార్లు తొడుగులు మార్చి
నీ టీ కణాల ముందు కూర్చున్నాను.

చిలమత్తూరులో మా పురుగుల షెడ్డుకీ ఇదే మడి.
గుమ్మంలో బ్లీచింగు నీళ్ళ గోనెపట్టా.
దాని మీద కాళ్ళద్దందే
మేనమామనైనా లోపలికి రానిచ్చేది కాదు అమ్మ.
తలకు నూనె రాసుకున్న రోజు నన్నూ బయటే నిలబెట్టేది.
"వాటికి నోరు లేదే, మనమే చూసుకోవల్ల."

చూసుకున్నాను.
ముప్పై ఏడు డిగ్రీలు,
గాలిలో ఐదు పాళ్ళు బొగ్గుపులుసు వాయువు,
రెండు రోజులకోసారి మేత.
నీ నెత్తుటి నుంచి వడగట్టి తెచ్చినప్పుడు
ఇవి నీ శత్రువు పక్కనుంచే నడిచిపోయేవి,
సంతలో బాకీదారును గుర్తుపట్టని
కొత్త గుమాస్తాల్లా.
ఇప్పుడు వాటికో కొక్కెం మొలిపించాం.
ఆ ముఖం కనిపిస్తే ఇక వదలవు.
వదలవనే అనుకుంటున్నాం.

తెల్లవారుజామున ఒక చుక్క తీసి
నీలిరంగు కలిపి లెక్కపెట్టేదాన్ని.
చచ్చిన కణం రంగును తాగేస్తుంది.
బతికున్నది గుమ్మంలోనే ఆపేస్తుంది.
గాజు పలక గళ్ళలో రంగంటని చుక్కలు, మెరుస్తూ.
నాకు తెలిసిన ప్రాణం ఇంతే:
వద్దు అనగలగడం.

మార్చిలో ఇంకో సంచి ఉండేది. "ఆడ, 43."
నూటికి తొంభై నాలుగు బతికి ఉన్నాయి.
అంత మంచి పంట నేను చూడలేదు.
పదకొండో రోజు ఆసుపత్రి నుంచి లిడ్వినా సిస్టర్ ఫోను.
కన్నడంలో ఒక్క మాట:
"బేడ."

మనిషి పోతే సంచి పారబోయాలి. నిబంధన.
బ్లీచు నేనే పోశాను, నస్రీన్ సాక్షి సంతకం పెట్టింది.
ఆమె పోయాక ఆమెలో కొంత
నా చేతి కింద ఐదు గంటలు బతికే ఉంది.
పంట లేని నెలల్లో అమ్మ రీలింగు కొట్టానికి కూలికి పోయేది.
గూళ్ళను మరిగే నీళ్ళలోకి వంచేటప్పుడు
ముఖం పక్కకు తిప్పుకునేది.
ఆవిరికని అనుకునేదాన్ని.

సరే. నువ్వు పంతొమ్మిది.
పొగలు కక్కే చలిపెట్టెలో నిన్ను పెట్టి
ముదుకప్ప వ్యానుకి అప్పగించాం.
సిల్క్ బోర్డు దగ్గర నలభై నిమిషాలు ఇరుక్కున్నాడట.
పట్టు పేరు పెట్టుకున్నందుకు
అక్కడ బండ్లదీ పురుగు నడకే.

ఈరోజు ఐదోనాడు. సిస్టర్ మెసేజి:
"జ్వరం. నూట మూడు."
ఇంకేం రాయలేదు. రాయకూడదు.

పురుగు పెరగాలంటే నాలుగుసార్లు మేత మాని
తలెత్తి కదలకుండా ఉండిపోతుంది.
మా వైపు దాన్ని జ్వరం అనే అంటారు.
ఒకటో జ్వరం, రెండో జ్వరం.
ఆ పూట ఆకు వెయ్యకూడదు, తాకకూడదు,
షెడ్డులో గట్టిగా మాట్లాడకూడదు.
పాత చర్మం లోపల ఏదో జరుగుతోంది.
నాలుగోది దాటితే ఇక రాత్రంతా
రేకుల మీద వాన పడ్డట్టు తింటాయి.
దాటనివీ ఉంటాయి.
తెల్లారి అమ్మ వాటిని చేటలోకి ఏరేది, ఏమీ అనకుండా.

నీది ఏ జ్వరమో నాకు తెలీదు.
శత్రువు దొరికిందన్న కబురు కావచ్చు,
ఇల్లంతా అంటుకున్న మంట కావచ్చు.

గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడు, "ఊట ఆయ్తా మేడమ్?"
ఆయ్తు అన్నాను. కాలేదు.
క్యాబ్ డ్రైవరు రేడియో మీద చెయ్యి వేశాడు.
వద్దన్నా.
కొంచెం సేపు
చప్పుడు వద్దు.