ఐదు దాకా

మురకంబట్టు అంగన్‌వాడీలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె
బియ్యం డ్రమ్ము మీద ఉంటుంది.
లోపల సగం దూది, మూత బిగుసుకుపోయిన టింక్చర్ సీసా,
ఏ బిడ్డ నోట్లోంచో లాక్కున్న చొక్కా గుండీలు రెండు,
నేను దాచుకున్న పసుపు పొట్లం.
పసుపు వద్దన్నారు ట్రైనింగులో.
కాలితే నీళ్ళు, కొళాయి కింద ఇరవై నిమిషాలు,
వేరే ఏదీ పూయద్దన్నారు.
మా కొళాయి రోజు మార్చి రోజు వస్తుందని
చెప్పబోయి ఊరుకున్నా.

ఆ ట్రైనింగు బొమ్మకి ఒక చెయ్యి లేదు.
నలభై మందిమి వరసలో నిలబడి
దాని వీపు మీద చరిచినాం.
అది ఏడవలేదు, కరవలేదు, ఒంటేలు పోయలేదు.
"వేళ్ళతో కాదమ్మా, అరిచేతి మడమతో," అనింది నర్సు,
"రెండు రెక్కల నడుమ, తల కిందికి వంచి.
నోట్లో వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది."
నా పక్కన రెడ్డెమ్మ గొణిగింది:
"మడమ కాలికి కదా ఉండేది?"
నవ్వినాం. టీ వచ్చింది.
సంతకాలు పెట్టి బస్సెక్కినాం.

జూన్ నెల.
తోతాపురి లారీలు రోడ్డు పొడుగునా నిలబడిపోయిన రోజులు.
అమ్మలంతా గుజ్జు ఫ్యాక్టరీలో,
బిడ్డలంతా నా చాప మీద.
ఆయా కుప్పమ్మ గుడ్లు ఒలస్తా ఉంది.
నేను గోడ మీద అంకెలు చూపిస్తా ఉన్నా.
ఆ వారం ఐదు దాకా.

ఏడిస్తే నాకు భయం లేదు.
దగ్గినా భయం లేదు, దగ్గనిస్తా.
ఆ పొద్దు హేమాద్రి నవ్వతా నవ్వతా
ఆగిపోయినాడు.
నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు.
పెదాలు నేరేడు పళ్ళు తిన్నట్టు.
నేరేడు కాలమే,
కానీ వాడి జోబీలో ఉండేవి చెనిక్కాయ గింజలు.

కుప్పమ్మ చెంబుతో పరిగెత్తుకొచ్చింది, "నీళ్ళు, నీళ్ళు" అని.
"వద్దు!"
ఆ అరుపు నాదే.
బిడ్డను తొడ మీదికి బోర్లా వంచుకున్నా.
మడమ. అరిచేతి మడమ.

"ఒకటి" అన్నా, కొట్టి.
చాప మీద పద్దెనిమిది గొంతులు: "ఒకటీ"
పాఠమనుకున్నారు.
"రెండు."
"రెండూ"
మూడు నా నోట్లో సగమే వచ్చింది,
మిగతా సగం వాళ్ళే అన్నారు.
నాలుగో దెబ్బకి
గింజ, దాంతో పాటు పొద్దుటి పాలు,
నా చీర కుచ్చిళ్ళ మీద.
ఆ వెనకనే ఏడుపు, ఫ్యాక్టరీ సైరనంత.
నా కాళ్ళు ఎవరివో అయిపోయి
కూలబడినా.
చాప మీద మాత్రం లెక్క ఆగలా.
"ఐదూ" అని అరిచి
చప్పట్లు కొట్టుకున్నారు.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఛాతీ విని, ఫోటో తీయించి, బాగుందన్నాడు.
ఢిల్లీరాణికి కబురు సాయంత్రం దాకా అందలేదు,
ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారంట.
మోచేతుల దాకా గుజ్జు ఎండిన చేతులతో వచ్చింది.
బిడ్డ చొక్కా ఎత్తింది.
వీపు మీద ఎర్రగా నా చెయ్యి.
"కొట్టినావా మేడం?"
"కొట్టినా."
కాగితంలో చుట్టి పెట్టిన గింజ చూపించినా.
ఎందుకు దాచినానో నాకూ తెలీదు.
ఆమె చానాసేపు దాన్నే చూసింది.
"పొద్దున నేనే ఇచ్చినా,
ఏడవకుండా వస్తాడని."
ఇంక ఇద్దరం మాట్లాడలా.
బయట లారీలు కదిలినాయి.

తెల్లారి వాళ్ళకి కొత్త ఆట.
ఒకరు బోర్లా, ఒకరు చరస్తారు,
మిగిలినోళ్ళు లెక్క.
ఆపమని నోరు తెరిచినా.
హేమాద్రి చెయ్యెత్తి ఉన్నాడు, వేళ్ళన్నీ విడదీసి.
పక్కన కూచోని
ఆ వేళ్ళు వెనక్కి వంచి
మడమ యాడుందో చూపించినా.
"మెల్లిగా," అన్నా, "బొమ్మ మీద."