మూడు మలుపులు

ఈ వేళ గేటును మూడు మలుపులు తిప్పమన్నారు.
ఇనుప చక్రం నా అరచేతుల్లో తుప్పు రాల్చింది.
నది కాస్త ఆగి
ఇదేనా దారి అన్నట్టు చూసి
దూరింది.

దియావ్లింగ్‌లో నీళ్లకు తొందర లేదు.
బురద బీటల్లోకి మొదట వాసనగా వెళ్తాయి,
తరవాత బుడగల చప్పుడుగా,
అంతా అయ్యాక నీళ్లుగా.

నల్లతుమ్మ మొదళ్లు తడిసే రోజు
కోరపంది పిల్లల్ని వెంటేసుకుని
తోక నిక్కబొడుచుకుని మెట్టకెక్కుతుంది,
అద్దె కట్టలేక ఇల్లు మారే మనిషిలా.
కడలి వైపు కొయ్యింగ పిల్లలకీ
మట్టి కింద కలువ దుంపలకీ
ఒకే రాత్రి కబురందుతుంది.
ఎవరు మోస్తారో నాకు తెలీదు.
నేను చక్రం తిప్పేవాణ్ణి.

అమ్మ, తెస్లెమ్, చాప అల్లుతుంది.
గడ్డికాడ, మేకతోలు పోగు, గడ్డికాడ.
తోలు నానేది తుమ్మకాయల కషాయంలో.
పెళ్లికైనా గోరింట అక్కర్లేని వేళ్లు ఆమెవి.

నదికి ఆనకట్ట పడ్డ ఏళ్లలో
ఇక్కడ ఉప్పే పండింది.
ఆవులు నేలను నాకి
మనుషుల వైపు చూసేవట.
నాన్న నువాక్షోత్‌కు సిమెంటు మోయడానికి పోయాడు.
అమ్మ సగం చాపను చుట్టి
గుడారం గుంజకు కట్టింది.
పదకొండేళ్లు ఎలకలు దాన్లో కాపురం చేశాయి.

గేటు తెరిచిన రెండో ఏడు గడ్డి మొలిచింది,
పాత చోట కాదు, ఉప్పుకూర పక్కన, పల్చగా.
అమ్మ చాప విప్పి
ఎలకలు కొరికిన అంచు నుంచే అందుకుంది.
కొత్తది మొదలెట్టొచ్చుగా అన్నాను, చిన్నవాణ్ణి.
"ఇది అడుగుతుంది" అంది.
ఏం అడుగుతుందో చెప్పలేదు.

జనవరిలో ఆఫీసువాళ్లు దుర్భిణీ తెచ్చి
పిట్టల్ని లెక్కపెడతారు.
గూడబాతులు ఇన్ని, తెడ్డుమూతి కొంగలు ఇన్ని,
రాజహంసలు పన్నెండు వేల చిల్లర.
చిల్లర అనగానే అమ్మ నవ్వింది:
"ఆ చిల్లరలో ఒక కుంటిది ఉంది, రాశారా?"
అన్నీ ఒంటికాలి మీదే కదమ్మా నిలబడేది,
ఎలా పోల్చావు అన్నారు.
"నడిచేదాకా ఆగాను."

వాళ్లూ ఆగారు.
టీ రెండో గ్లాసు దాకా ఆగారు.
మూడో గ్లాసు చల్లారింది.
గులాబీ రంగు గుంపులో ఒకచోట
నీళ్లు తడబడ్డాయి.

ఇప్పుడు పొద్దుగూకింది.
జమ్ముగడ్డి అవతల నక్క ఒకసారి కూసి
జవాబు రాక ఊరుకుంది.
తెల్లారితే మూసెయ్యమని ఫోనొస్తుంది, ఎగువన వరి ఉంది.
ఉప్పుకూర అంచున నేల ఇంకా పొడిగానే ఉంది,
అమ్మ వేలెడు గడ్డి కోసం వంగే చోట.
చక్రం మీద చెయ్యి వేశాను.

రిజిస్టరులో మాత్రం
మూడనే రాశాను.