లైనింగు

మడపాం టోల్‌గేటు దాటాక
వెనక నుంచి గుద్దిన కారు తెల్లది.
పారినాయుడు టాక్సీలో నాకు గుర్తున్నది అంతే.
ఇంకా, శ్రీకాకుళంలో కొన్న లైనింగు గుడ్డలు
పద్నాలుగు రంగులూ
రోడ్డు మీద తెరుచుకుని పడడం.

కుడి మణికట్టు, రెండు చోట్ల.
ఆరు వారాలు కట్టు.
మిషను మీద దుప్పటి కప్పాను.

నాలుగో వారం
ఆ తెల్లకారు తాలూకు ఇన్సూరెన్సు మనిషి వచ్చాడు.
చెప్పులు బయటే విడిచాడు, మంచినీళ్లు అడిగి తాగాడు,
చెయ్యెలా ఉందమ్మా అని అయినవాడిలాగే అడిగాడు.
కాగితం మాత్రం అయినవాళ్లది కాదు.

ఏ ఆస్పత్రి నుంచైనా
ఏ డాక్టరు దగ్గర్నుంచైనా
ఏ కాలానికి చెందినవైనా
నా ఒంటి వివరాలన్నీ వాళ్లు తీసుకోవచ్చునట.
"అందరూ పెట్టేదేనమ్మా.
సంతకం కుదరకపోతే వేలిముద్ర చాలు."
ఇంకు డబ్బా మూత అప్పటికే తీసి ఉంది.

విరిగింది మణికట్టు.
మణికట్టు కథ మొత్తం ఇస్తాను.
రిమ్స్ చీటీ, ఎక్స్‌రే, కట్టు కట్టిన కుర్రడాక్టరు సంతకం,
రాత్రి ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో
అది కూడా.
పదకొండేళ్ల కిందట
మూడు నెలలు, మంగళవారం మంగళవారం,
విశాఖపట్నం బస్సెక్కి ఒక్కదాన్నే వెళ్లొచ్చిన దారి
ఏ ఎముకది?

గుమ్మంలోంచి పక్కింటి దాలమ్మ,
"ఎట్టీయే దమయంతీ, డబ్బులాగిపోతే ఏటి సేస్తావు?"
దాలమ్మ మాట తప్పు కాదు.
రెండు నెలల అద్దె బాకీ.

ఇరవై రెండేళ్లుగా ఈ నరసన్నపేటలో
జాకెట్లు కుడుతున్నాను.
నా కొలతల పుస్తకంలో పేర్లుండవు,
నాకు మాత్రమే తెలిసే గుర్తులుంటాయి.
ఒకావిడకి ఎడమ పక్క
లోపల దూది పొర వేసి కుడతాను, ఏడేళ్లుగా.
ఆవిడ కోడలూ నా దగ్గరే కుట్టించుకుంటుంది.
అత్తగారి ఆది జాకెట్టు ఇంత బరువేమిటని
అడిగిందొకసారి.
లైనింగు మందమమ్మా అన్నాను.

పెన్ను ఇవ్వమన్నాను.
ఎడమ చేత్తో
"ఏ ఆస్పత్రి" మీదొక గీత, "ఏ డాక్టరు" మీదొకటి,
"ఏ కాలం" మీద రెండు,
దారం తెగిన కుట్టులాంటి గీతలు.
పైన రాశాను:
ప్రమాదం జరిగిన రోజు నుంచి. కుడి మణికట్టు. రిమ్స్.
ఒకటో తరగతి అక్షరాలు.
కింద, పేడాడ దమయంతి.
నకలొకటి నాకు పంపమన్నాను.

"ఇలా అయితే పైవాళ్లు ఒప్పుకోరమ్మా,
ఆలస్యమైపోద్ది."
అవుతుంది కాబోలు.
ఇంకు డబ్బా మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.
చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది అతనికి.

రాత్రి దాలమ్మ అన్నం కలిపి ముద్ద పెడుతూ
మెల్లగా అంది,
"ఏటుందే ఆ వైజాగులో?"

బీరకాయ కూరలో ఉప్పు తగ్గిందన్నాను.