రెండో బిందె

బోర్డు మీద వరద గీత ఇంకా పోలేదు.
దాని పైన మిగిలిన జానెడు చోట
ఏసురత్నం మాస్టారు రాశారు:

√(x + 7) = x − 5

"రెండు వైపులా వర్గం చెయ్యండి."
చేశాం. మూలం కప్పు లేచిపోయింది,
మొన్న మా లంకలో పాకల మీది తాటాకులాగే.
జవాబులు ఒక జత వచ్చాయి: తొమ్మిది, రెండు.
నేను పెన్ను మూసేశాను.

"బయల్దేరిన చోటికే తీసుకెళ్ళి అడగండి" అన్నారాయన.

తొమ్మిదిని అడిగితే
ఇటు నాలుగు, అటు నాలుగు.
రెండుని అడిగితే
ఇటు మూడు. అటు మైనస్ మూడు.
మెట్టు మెట్టూ మళ్ళీ చూశాను,
నేనెక్కడా తప్పు చెయ్యలేదు!

వర్గం చేస్తే గుర్తు మునిగిపోతుందట.
మూడైనా, మైనస్ మూడైనా అదే తొమ్మిది.
ఏ గట్టు ఎవరిదో
నీటికేం పట్టింది?

నీళ్ళు తీసిన పొద్దున
మా అరుగు మీద రెండు ఇత్తడి బిందెలు,
రెండూ మెడదాకా ఒండ్రు.
అమ్మ చింతపండేసి తోమింది.
ఒకదాని మెడ మీద మా తాతమ్మ పేరు తేలింది.
రెండోదాని మీద
"గెడ్డం బుల్లెమ్మ, ఎగువలంక."
సొట్టయినా లేదు దానికి, మాదాని కంటే మంచిది.

రెండుని నేను కొట్టెయ్యలేదు.
పక్కన చిన్నక్షరాల్లో రాశాను:
ఇది ఇక్కడిది కాదు,
మూలం ముందు మైనస్ ఉన్న ఇంటిది.
మాస్టారు చాలాసేపు చూసి
టిక్కూ పెట్టలేదు, ఇంటూ పెట్టలేదు.

సాయంత్రం ఎగువకెళ్ళే పడవలో
బిందె ఒళ్ళో పెట్టుకుని
అమ్మ.