మిగిలిన గడి

కిల్లీబెగ్స్ రేవులో ఫిబ్రవరి.
స్టాఫ్ రూం కిటికీకి ఉప్పు పేరుకుని
బయటి పడవలన్నీ పాత ఫోటోలోవిలా ఉన్నాయి.
నా బల్ల మీద ముప్పయ్యొక్క ఫారాలు.
ముప్పై నిండాయి.
బ్రోనాది మాత్రం పేరు దగ్గరే ఆగింది.

లెక్కల్లో తక్కువదేం కాదు.
బోర్డు మీద నేను తప్పు రాస్తే
చెయ్యెత్తదు, కనుబొమ్మ ఎత్తుతుంది.
శనివారం రేవులో చూడాలి ఆ పిల్లని.
డీజిల్ ఇంజను మూతకి చెవి ఆనించి
పక్కింటి గొడవ వింటున్నట్టు వింటుంది.
"మూడోది అబద్ధమాడుతోంది" అంటుంది.
విప్పి చూస్తే
మూడో సిలిండరుదే తప్పు.

ఈ పిల్లకి కాలేజీ ఎందుకు?
మెకానిక్ దగ్గర చేరితే నాలుగేళ్ళకి
తన కాళ్ళ మీద తను.
ఇంత మంచి మాట నాకే తోచిందని
కాస్త గర్వం కూడా.

వాళ్ళమ్మ డెర్వ్లా వచ్చింది,
చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి,
ఎంత కడిగినా పోని వాసనని
చేతులతో సహా కోటు జేబుల్లో దాచుకుని.
చెప్పాల్సిందంతా చెప్పాను.
చదువొక్కటే దారి కాదన్నాను.
పట్టాలు పుచ్చుకుని కాఫీ కొట్లో
కప్పులు తుడిచేవాళ్ళ కథలు చెప్పాను.
చేతిపనికున్న మర్యాద గురించి
చాలాసేపే మాట్లాడాను.

"మీ ఓర్లా ఎక్కడుంది మాస్టారూ?" అంది.
"డబ్లిన్‌లో."
"ఏం చదువుతోంది?"
గొంతులో వెలక్కాయ పడింది.
"లా."

గట్టిగా ఏమీ అనలేదు ఆవిడ.
"చదువు అందరికీ కాదంటారు, సరే.
ఆ అందరిలోంచి
ముందు మా పిల్లల్నే తీసేస్తారేం?"

ఆవిడ వెళ్ళాక ఫినియన్ గుర్తొచ్చాడు.
ఆరేళ్ళ కిందట ఇదే కుర్చీ.
"నీలాంటివాడు వలలు కుట్టుకోవడమేమిట్రా" అని
గాల్వేకి, ఇంజనీరింగుకి, నేనే తోశాను.
రెండో ఏడు సగంలో తిరిగొచ్చాడు
ఒక సంచీ, ఇంటద్దె బాకీ,
ఎవరి మొహం మీదా నిలవని చూపు.
ఇప్పుడు ఐస్ ప్లాంటులో ఉన్నాడు.
కనబడితే పలకరిస్తాడు.
పలకరించకపోతే బాగుండు.

ఒకసారి అటు చూపించాను,
ఒకసారి ఇటు.
వేలు మాత్రం రెండుసార్లూ నాదే.

ఊరందరిదీ ఒక దారి
ఉలిపికట్టెదొక దారి అంటారు.
డెర్వ్లా వీధిలో కాలేజీకి పోయేదే ఉలిపికట్టె.
నా వీధిలో, పోనిది.
ఇంతకీ ఊరంటే ఏ వీధి?

సోమవారం ఫారం బ్రోనా ముందుకి జరిపి
"నీకేం కావాలి?" అన్నాను.
ఆ ప్రశ్న మొదటే అడగాల్సిందని
అడిగాక తెలిసింది.

పెన్ను మూత తీసి, పెట్టి, తీసి
"ఇంజను ఎప్పుడు అబద్ధమాడుతుందో తెలుస్తుంది సార్.
ఎందుకాడుతుందో తెలీదు.
ఇనుము లోపల ఏదో అలిసిపోతుంది.
అది కాలేజీలో చెప్తారా?"
"కొంత చెప్తారు."
"మిగతాది?"
"నాకు తెలీదు."

నేనామెకి చెప్పినవాటిలో
ఈ మాటే నమ్మినట్టుంది.
ఫారం మడిచి జేబులో పెట్టుకుంది.
"శుక్రవారం దాకా ఉంచుకుంటా.
అమ్మకి మీరేం చెప్పొద్దు. నేను మాట్లాడతా."

తలుపు దాకా వెళ్ళి
మూలనున్న రేడియేటరు దగ్గర ఆగింది.
టక్, టక్, ఎప్పుడూ కొట్టుకునేదే.
అరచెయ్యి ఆనించి, తల వంచి
"దీన్లో గాలి చేరింది సార్. ఎన్నాళ్ళయింది?"

ఇరవై రెండేళ్ళు.
ఆ చప్పుడే వేడి అనుకున్నాను.